అడగని దారి

పార్కిన్‌కి చూపు పోయి రెండేళ్ళయింది. అయినా ఆ దారిలో ఒక్కసారి కూడా తడబడదు. పెరటి తలుపు తీయగానే ముక్కు నేలకి ఆనించి బయల్దేరుతుంది. మూడు పచ్చిక పొలాలు, రెండు గోడలు, ఒక వాగు, వాగు మీద ఏ కాలంలో ఎవరు వేశారో తెలియని ఒకే ఒక్క రాతిపలక. ఆ పలక దగ్గర మాత్రం ఆగి, చెవులు రిక్కించి, వెనక నా బూటు చప్పుడు విన్నాకే దాటుతుంది. తర్వాత చిన్న మిట్ట. మిట్ట ఎక్కితే కట్టెల పొగ వాసన. అక్కణ్ణుంచి నన్ను పట్టించుకోదు. ‘గుడ్డి పొట్టేలు’ పబ్బు గుమ్మం దాకా ఒకటే నడక.

పార్కిన్ అంటే మా ఉత్తరాది ఇళ్ళలో చలికాలం చేసుకునే అల్లం కేకు. కుక్కపిల్లని తెచ్చిన రోజున దాని రంగు చూసి మ్యూరియల్ ఆ పేరు పెట్టింది. నేను వద్దన్నాను. తినే వస్తువు పేరు పెట్టి పొలాల్లో అరుస్తూ తిరగడమేమిటని గొడవ చేశాను. మా ఇంట్లో నేను గొడవ చెయ్యడం, ఆవిడ అనుకున్నది జరగడం రెండూ మామూలే.

మా థోర్‌బెక్ లోయలో మధ్యాహ్నం రెండు దాటితే మంచు కిందికి దిగుతుంది. ముందు కొండ తల పోతుంది, తర్వాత గోడలు పోతాయి, చివరికి గొర్రెలు కూడా పోయి వాటి అరుపులు మాత్రం మిగులుతాయి. అలాంటి రోజుల్లో నేనూ కళ్ళు మూసుకుని పార్కిన్ వెనకాల నడుస్తాను. డెబ్బై ఆరేళ్ళవాడు చెయ్యవలసిన పని కాదని తెలుసు. కానీ కళ్ళు మూసుకుంటే మ్యూరియల్ నాకు పది అడుగుల ముందు ఆ పసుప్పచ్చ వానకోటులో నడుస్తూ ఉంటుంది. తడిసిన గడ్డి మీద ఆవిడ అడుగుల చప్పుడు వినిపిస్తుంది. నేను పిలవను. పిలిస్తే కళ్ళు తెరవాల్సి వస్తుంది. ఆవిడ పోయి మూడేళ్ళు. ఆ అరగంట నడక లేకపోతే నేను ఈ మూడేళ్ళూ బతికి ఉండేవాణ్ణి కాదు.

పబ్బులో మనిషి కంటే ముందు కుక్కకి మర్యాద. పబ్బు నడిపే గ్లెండా బల్ల వెనకనుంచి వంగి, “వచ్చావా నా తండ్రీ! కాళ్ళు చూడు ఎలా నానిపోయాయో! ఆకలేస్తోందా కన్నా?” అంటుంది. అదంతా నాతో కాదు. కుక్కకి గిన్నెలో నీళ్ళు, సీసాలోంచి ఒక బిస్కెట్టు, చలిమంట ముందు దాని చోటు దానికి చూపించాక అప్పుడు నావైపు తిరిగి, “నీకేం కావాలి, ఎప్పుడూ తాగే ఆ మురుగునీళ్ళేనా?” అని బీరు పోస్తుంది. అక్కడ ఎవరి పేర్లూ ఎవరికీ తెలియవు. నేను పార్కిన్ వాళ్ళాయన్ని. కిటికీ పక్కన కూర్చునే రిటైరు మాస్టారు బిస్కెట్ వాళ్ళాయన. పెద్ద టెస్ వాళ్ళావిడకీ చిన్న టెస్ వాళ్ళావిడకీ పదేళ్ళుగా మాటల్లేవు, కానీ టెస్‌లు రెండూ ఒకే చాప మీద పడుకుంటాయి.

మొన్న మార్చిలో ఒకరోజు పార్కిన్ రెండో గోడ దగ్గర ఆగిపోయింది. గోడ దాటడానికి రాళ్ళు మెట్లలా పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ మెట్లకి అడ్డంగా మూడు వరసల ముళ్ళతీగ బిగించి ఉంది. కుక్క ముక్కుతో తడుముకుని, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి తడిమింది. ఆ మెట్లు కట్టింది నేనే. మట్టీ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టడం నా వృత్తి. ఈ లోయలో సగం గోడలు నా చేతులమీదుగా లేచినవే. నా మెట్ల మీద నాకే ముళ్ళతీగ కట్టారని ఒళ్ళు మండిపోయింది.

తీగ కట్టించింది ఏవిస్ ప్రెస్టన్. ఆ పొలాలు వాళ్ళ నాన్న ఏబెల్‌వి. రెండేళ్ళ కిందట ఆయన పోయాక ఏవిస్ వచ్చి మంద చూసుకుంటోంది. యాభై ఏళ్ళ మనిషి, మితభాషి. ఆ మార్చిలో ఎవరో పట్నంవాళ్ళు కుక్కని తాడు విప్పి వదిలితే, అది సూడి గొర్రెల్ని వాగులోకి తరిమింది. ఐదు గొర్రెలు కడుపులో పిల్లలతో సహా చచ్చిపోయాయి. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసి కూడా, అది వేరేవాళ్ళు చేసిన తప్పు, దానికి నా దారి ఎందుకు మూయాలన్నదే నా పట్టుదల.

రోడ్డు మీదుగా వెళ్ళొచ్చుగా అంటారు. ఒకసారి వెళ్ళాం. రెండు మైళ్ళు చుట్టు, పక్కన నడవడానికి అడుగు చోటు లేదు, క్వారీ లారీలు గోడల్ని రాసుకుంటూ పోతాయి. ఒక లారీ గాలికే పార్కిన్ పడిపోయింది. లేచాక ఎటు వెళ్ళాలో తెలియక నా కాళ్ళ మధ్య వణుకుతూ నిలబడింది. ఎత్తుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఆ తర్వాత రోజూ రెండింటికి అది పెరటి తలుపు దగ్గర నిలబడేది, నేను గడియారం వైపు చూడకుండా కూర్చునేవాణ్ణి. ఆ దారి పోతే నాకు పబ్బు లేదు, మాట్లాడే మనిషి లేదు, మ్యూరియల్ కూడా లేదు.

ఊరంతా లేచింది. చట్టం ఒకటుందని మాస్టారు కనిపెట్టాడు. ఇరవై ఏళ్ళపాటు జనం ఒక దారిన నడిస్తే, దౌర్జన్యం చెయ్యకుండా, దొంగచాటుగా కాకుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా నడిస్తే, ఆ దారి ఇక జనానిదే. కౌంటీ ఆఫీసులో రాయించుకుంటే మరెవరూ మూయలేరు. అందరం ఫారాలు నింపి పంపాం. రెండు వారాల్లో అన్నీ వెనక్కి వచ్చాయి. గ్లెండా బల్ల మీదెక్కినంత పని చేసి ఆ ఉత్తరం చదివింది.

“‘పదో ప్రశ్నలో, దారిలో మీరు చూసిన ఇతరుల పేర్లు అడిగాము. బిస్కెట్, మాగీ, పెద్ద టెస్, చిన్న టెస్, పార్కిన్ అనేవారి ఇంటిపేర్లూ చిరునామాలూ తెలుపగలరు.’ విన్నారా? కుక్కల పేర్లు రాసి పంపారర్రా గవర్నమెంటుకి!”

“నాకు ఈయన పేరు తెలిస్తే కదా,” అంది చిన్న టెస్ వాళ్ళావిడ, మాస్టారి వైపు చూపించి.

“ముప్ఫై ఏళ్ళుగా నీ పక్కన కూర్చుంటున్నాను తల్లీ. నా పేరు లెనర్డ్.”

“అబ్బో, నీకా పేరు నప్పలేదులే.”

ఆ రోజు అందరం పేర్లు చెప్పుకుని మళ్ళీ ఫారాలు నింపాం. నా దగ్గరికి వచ్చేసరికి మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని, “హెడ్లీ, నీదే గట్టి సాక్ష్యం. నలభై ఏళ్ళు నడిచావు. ఎప్పుడైనా ఏబెల్‌ని అడిగావా, వెళ్ళొచ్చా అని?” అన్నాడు.

“నేనా? అడగడమా? ఈ లోయలో నేను ఎవర్నీ ఏదీ అడగలేదు, అడగను,” అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ ఛాతీ విరుచుకుని ఇంకో గ్లాసు తాగాను. తీసుకొచ్చినట్టే ఇంటికీ మాస్టారే కారులో దింపాడు. నా గురించి నేనెంత గొప్పగా అనుకునేవాణ్ణో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అక్టోబరులో విచారణకి తేదీ వేశారు. దానికి ముందు ఆదివారం పార్కిన్ ఎంతకీ వినకపోతే తీగ దాకా తీసుకెళ్ళాను. మంచు గోడ మీదికి వచ్చి కూర్చుంది. అవతలి నుంచి ఎవరో దగ్గారు. ఏవిస్.

“దాని ముక్కుకి ముల్లు గుచ్చుకుంటుంది, చూసుకోండి,” అంది.

“ఆ బాధ తీగ కట్టినప్పుడు ఉండాల్సింది.”

ఆమె కోటు లోపల్నుంచి ఒక కట్ట తీసి తీగ మీదుగా అందించింది. గడ్డికట్టలకి వాడే నీలం తాడుతో కట్టి ఉంది.

“గొర్రెల మందులు పెట్టుకునే డబ్బాలో దాచుకున్నాడు నాన్న. ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఇవి చూపిస్తే చాలు, ఆ కేసు గంటలో తేలిపోతుందన్నాడు మా లాయరు.”

“మరి నాకెందుకిస్తున్నావు?”

“చేతిరాత చూడండి. చూశాక మీకెలా తోస్తే అలా చెయ్యండి. నా దగ్గర నకళ్ళు లేవు.”

ఆమె మంచులోకి వెళ్ళిపోయింది. నేను అక్కడే తాడు విప్పాను. మ్యూరియల్ చేతిరాత. మూడేళ్ళుగా సరుకుల చీటీ మీద కూడా చూడని ఆ గుండ్రటి అక్షరాలు. నేను కట్టిన మెట్టు మీదే కూర్చుండిపోయాను.

మొదటిది ముప్ఫై మూడేళ్ళ కిందటి జనవరిది.

‘ప్రెస్టన్ గారికి, ఈ ఏడాది మీ పొలాల మీదుగా మేము నడవవచ్చా? మేమంటే నేను, మా ఆయన, మా ఊరివాళ్ళు, మా కుక్కలు. గొర్రెలు ఈనే రోజుల్లో తాడు విప్పము. మ్యూరియల్.’

కింద పెన్సిలుతో ఏబెల్ రాసుకున్న మాట: ‘సరే అన్నాను.’

ప్రతి జనవరికీ ఒకటి. ప్రతి దాని కిందా అదే పెన్సిలు. ఒకచోట ఇలా ఉంది: ‘నేను మీకు రాస్తానని మా ఆయనకి తెలియదు. అడగడమంటే ఆయనకి తల కొట్టేసినట్టు ఉంటుంది. తెలిస్తే మళ్ళీ ఈ దారి తొక్కడు. అందుకని ఆయన తరఫున కూడా నేనే అడుగుతున్నాను.’

చివరిది ఆవిడ పోయిన ఏడాదిది. పోవడానికి నెల ముందు. అక్షరాలు గీత దిగి కిందికి జారిపోయాయి.

‘ఈ ఏడాది నేను నడవలేనేమో. అయినా ఆయన్ని నడవనివ్వండి. ఆయనకి ఇంట్లో ఊపిరాడదు.’

ఏబెల్ దాని కింద ‘సరే అన్నాను’ అని రాయలేదు. ‘ఎప్పటికైనా సరే’ అని రాశాడు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పార్కిన్ నా మోకాలి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. మంచులో ఆ పసుప్పచ్చ కోటు కనిపిస్తుందేమోనని చూశాను, కనిపించలేదు. నాకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళు నన్ను దర్జాగా నడిపించి, వెనకనుంచి వెళ్ళి నా బదులు తలుపు తట్టి వచ్చిందన్నమాట. నా గర్వం ఎంత అల్పమైనదో ఆవిడకి తెలుసు, నాకే తెలియదు. కోపం తగ్గాక ఏడ్చాను.

ఇంటికొచ్చి పొయ్యి రాజేశాను. ఉత్తరాలు బల్ల మీద పెట్టుకున్నాను. పొయ్యిలో పడేస్తే దారి మాది. ఏబెల్ లేడు, మ్యూరియల్ లేదు, నకళ్ళు లేవు. దాచుకుని నోరు మూసుకున్నా దారి మాదే. మంగళవారం విచారణలో కౌంటీ ఆఫీసువాళ్ళు ‘ఎవరైనా అడిగారా’ అంటే ‘లేదు’ అంటే చాలు. కానీ ఆ ‘లేదు’ అన్నప్పుడు, ముప్ఫై ఒక్కసార్లు ఆవిడ బల్ల ముందు కూర్చుని నాకోసం రాసిన మాటలు లేనట్టే అవుతాయి. దారిలో నాకు ముందు నడిచే మనిషినే నేను కాదనాలి. అలా గెలుచుకున్న దారిలో కళ్ళు మూసుకుంటే నాకెవరు కనిపిస్తారు?

మంగళవారం మధ్యాహ్నం విచారణకి పబ్బు నిండిపోయింది. నన్నూ పార్కిన్‌నీ మాస్టారు కారులో తీసుకొచ్చాడు. గ్లెండా కూరలూ మాంసమూ వేసి పైన పిండి మూత పెట్టి కాల్చే రొట్టెలు చేసింది, గెలిచాక తినడానికి. కుక్కలన్నీ చలిమంట ముందు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. కౌంటీ ఆఫీసు నుంచి వచ్చిన మిస్ ఫర్త్ చిన్నపిల్ల, జలుబు చేసి ఉంది. ఏవిస్ తలుపు దగ్గర నిలబడింది. ఆమెకి ఎవరూ కుర్చీ జరపలేదు. నేనూ జరపలేదు.

నా వంతు వచ్చింది. మిస్ ఫర్త్ తుమ్మి, క్షమించమని, అడిగింది.

“మీరు గానీ, మీ తరఫున ఎవరైనా గానీ, ఎప్పుడైనా యజమాని అనుమతి అడిగారా అండీ?”

“నేను అడగలేదమ్మా.”

మాస్టారు నవ్వాడు. గ్లెండా పళ్ళేలు అందుకుంది.

“నా తరఫున మా ఆవిడ అడిగింది,” అని కట్ట విప్పాను. “నా తరఫునే కాదు, మీ అందరి తరఫునా.”

మొదటి ఉత్తరం చదివాను. చివరిది చదవలేక మిస్ ఫర్త్‌కి ఇస్తే, ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ బిగ్గరగా చదివింది. మ్యూరియల్ మాటలు వేరే గొంతులో ఆ గదిలో తిరిగాయి. కలలో ఎవరో మన ఇంటి తలుపు తీసినట్టు అనిపించింది.

మిస్ ఫర్త్ పెన్ను మూత పెట్టేసింది. “అనుమతి అడిగి నడిస్తే అది జనం హక్కు కాదండీ. నేను ఇంకేం రాయలేను. సారీ.”

“నోరు మూసుకుని కూర్చోలేకపోయావా ముసలాయనా!” అని గ్లెండా పళ్ళేన్ని బల్ల మీద కొట్టింది. “ఆ దారిన జనం రాకపోతే ఈ పబ్బు ఏం కావాలి? నువ్వు చేరదీస్తావా నన్ను?”

“చెరపడానికే వచ్చావురా హెడ్లీ,” అన్నాడు మాస్టారు. అతను నన్ను పేరు పెట్టి తిట్టడం అదే మొదలు.

వాళ్ళ కోపం న్యాయమే. అందరి దారినీ ఒక్కడినే తీసుకెళ్ళి ఇచ్చేశాను. అప్పుడు తలుపు దగ్గర్నుంచి ఏవిస్ మాట్లాడింది. గట్టిగా కాదు. అందుకని అందరూ ఊరుకోవాల్సి వచ్చింది.

“నాన్న పోయి రెండేళ్ళు. రెండు జనవరిలు వెళ్ళాయి. రోజూ పొద్దున్నే పోస్టు కోసం చూశాను. ఆవిడ లేదు కదా, ఇంకెవరైనా రాస్తారేమో అనుకున్నా. మీరంతా నా పొలం మీదుగా పోతూ నాకు చెయ్యి కూడా ఊపలేదు. గొర్రెలు చచ్చిన రోజున ఒక్కరు వచ్చి అయ్యో అనలేదు. తర్వాత ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, ఇది మా దారి అని.” ఆగింది. “ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు నన్ను అడగలేదు.”

పెద్ద టెస్ వాళ్ళావిడ తల దించుకుంది.

నేను లేచాను. గోడ కట్టేటప్పుడు మనిషంత రాయిని ఒక్కణ్ణే ఎత్తిన రోజులున్నాయి. ఆ కుర్చీలోంచి లేవడం అంతకంటే కష్టమైంది. బల్లలు తప్పించుకుంటూ ఆమె దగ్గరికి నడిచాను. టోపీ తీశాను. ఆ మాట నా నోటికి అలవాటు లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు.

“ఏవిస్,” అన్నాను. “గొర్రెల సంగతి విన్నప్పుడే రావాల్సింది. రాలేదు. తప్పే. ఇప్పుడు... నన్నూ, నా కుక్కనీ, వీళ్ళందర్నీ... నీ పొలంలోంచి నడవనిస్తావా అమ్మా?”

ఆమె నా మొహంలోకి చూసింది. జవాబు ‘కుదరదు’ అయ్యే వీలుంది. ఆ వీలుండడమే అడగడమని, ముప్ఫై ఏళ్ళు మ్యూరియల్ ఒక్కతీ ఆ గుమ్మంలో ఇలాగే నిలబడిందని, అప్పుడు అర్థమైంది.

“ఏప్రిల్ నెలంతా మూసేస్తాను,” అంది ఏవిస్. “మిగతా రోజుల్లో తాడు విప్పకూడదు. ఈ ఏడాదికి సరే.”

“వచ్చే ఏడాది?”

“వచ్చే ఏడాది మళ్ళీ అడగండి.”

మిస్ ఫర్త్ ఉత్తరాలు తెచ్చి నా చేతికిచ్చింది. గ్లెండా కళ్ళు తుడుచుకుని, ఏవిస్ ముందుకి ఒక కుర్చీ తోసి, “నుంచునే ఉంటావా ఏంటి, రొట్టె చల్లారిపోతోంది,” అని కసిరింది.

నేను ఉండలేదు. పార్కిన్‌ని లేపి బయటికొచ్చాను. గుమ్మంలో ఏవిస్ జేబులోంచి ఇనపతీగలు కోసే కత్తెర ఇచ్చింది, నన్నే కోసుకొమ్మని. మూడు వరసలూ కత్తిరించి చుట్టచుట్టి గోడ మీద పెట్టాను. మంచు దిగిపోయింది. పార్కిన్ మెట్టుని ముక్కుతో తడిమి, మళ్ళీ తడిమి, దాటింది.

ఆ పొలం అంతా మ్యూరియల్‌తో పోట్లాడుతూనే నడిచాను. ఒక్కమాట నాతో అనొచ్చుగా అన్నాను. పరాయివాడికి ముప్ఫై ఒక్క ఉత్తరాలు రాశావు, నాకు ఒక్కటి రాశావా అన్నాను. మొదటి గోడ దాటేసరికి తిట్లన్నీ అయిపోయాయి. ఇక చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది, అది పైకే చెప్పాను.

“అడిగానే, మ్యూరియల్. నేనే అడిగాను.”